చిన్న బండ్ల పండుగ

పెద్దపల్లి నుండి రామగుండమునకు పోవు రాజీవ్ రహదారిపై బసంత్‌నగరు కలదు. 1969లో ఇచట సిమెంటు కర్మాగారము వెలసినది. కొలది దూరమున రామగుండము విద్యుత్కేంద్రమును, దాని కావల గోదావరిఖని బొగ్గుగనులును ఉన్నవి. అందుచే ఈ రహదారికి రేయింబవళ్ళు విశ్రాంతి లేదు. బొగ్గు లారీలు, సిమెంటు లారీలు, బస్సులు ఒకదాని వెంట నొకటి సాగుచుండును. ఆ మహాకాయముల నడుమ నొక్కొకప్పుడు ఒక చిన్న కారు, ఏనుగుల గుంపులో కుందేలువలె ప్రక్కకు తప్పుకొనుచు పోవుట కానవచ్చును. అది పాతబడిన మారుతి 800 అయినచో దానిని తిరిగి చూచువారు అరుదు. చూచినవారును “ఇది యింకను నడచుచున్నదే!” అని నవ్వుకొందురు.

అట్టి చిన్న బండ్లకు ఏటేట పండుగ చేయువారు లోకమున కలరు. వారు సంవత్సరమున కొకమారు ఒకచోట గుమిగూడి, తమ బండ్లను వరుసగా నిలిపి, ఒకరి బండి నొకరు పరిశీలించుకొని, పిమ్మట బారులు తీరి కొండదారుల వెంటను, సముద్రతీరముల వెంటను విహారయాత్ర సాగింతురు. ఇందు పందెము లేదు. ముందు చేరినవానికి బహుమానమును లేదు. క్రొత్త కార్లు గంటకు నూరు మైళ్ళు పరుగెత్తు ఈ కాలమున, కొండ నెక్కునపుడు సైకిలు వానికి కూడ దారి యియ్యవలసివచ్చు పాత బండ్లపై వీరికి ఇంత మక్కువ యేల? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్న ఆ బండ్ల పుట్టుకను కొంత తెలిసికొనవలెను.

మోటారు బండ్ల వార్షికయాత్రలలో మిక్కిలి ప్రాచీనమైనది ఇంగ్లండులో జరుగుచున్నది. పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశమున యంత్రశక్తిచే నడచు బండి రోడ్డుపైకి వచ్చినచో, దాని ముందు ఒక మనుష్యుడు కాలినడకన పోవుచు జనులను హెచ్చరింపవలెనను శాసనము ఉండెను. తొలుత నతని చేత ఎఱ్ఱజెండా కూడ ఉండవలసియుండెను. బండికి ఎంత శక్తి యున్నను అది మనిషి నడకను మించి పోరాదన్నమాట! 1896లో ఆ నిర్బంధము తొలగి, గంటకు పదునాలుగు మైళ్ళ వేగము వరకు అనుమతి లభించెను. ఆ సంతోషమున నవంబరు 14వ తేదీన కొందరు లండను నుండి బ్రైటన్ అను సముద్రతీర పట్టణమునకు మోటారు బండ్లపై తరలివెళ్ళిరి. 1927లో ఆ ప్రయాణమును స్మరించుచు మరల యాత్ర జరిపిరి. యుద్ధము వంటి ఆటంకములు కలిగిన యేండ్లు తప్ప, నాటినుండి ప్రతి నవంబరులోను అది జరుగుచునే యున్నది. 1905వ సంవత్సరమునకు పూర్వము నిర్మింపబడిన బండ్లకే అందు ప్రవేశము. ఎఱ్ఱజెండాను చించివేయుటతో యాత్ర ప్రారంభమగును.

కాని ఆ తొలినాటి బండ్లు సంపన్నుల వినోదసాధనములు. కొలది జీతముతో సంసారము నడుపుకొనువానికి కారు అందని పండు. భార్యాబిడ్డలతో ప్రయాణము చేయదలచినవాడు మోటారు సైకిలునకు ప్రక్కబండి తగిలించుకొని, ఎండకు ఎండుచు వానకు తడియుచు పోవలసినదే. ఈ లోటును గుర్తించినవాడు హెర్బర్ట్ ఆస్టిన్. 1921లో అతని కంపెనీ అప్పులలో చిక్కుకొనియుండెను. చిన్న కారును నిర్మింతమని అతడు చెప్పగా డైరెక్టర్లు సమ్మతింపలేదు. అతడు వెనుదీయక, నమూనాలు గీయు స్టాన్లీ ఎడ్జ్ అను పదునెనిమిదేండ్ల యువకుని కార్ఖానా నుండి తన యింటికి రప్పించుకొని, అచటనే బండి పటములను సిద్ధము చేయించెను. 1922లో వెలువడిన ఆ బండియే ‘ఆస్టిన్ సెవెన్’. జనులు దానిని ముద్దుగా ‘బేబీ ఆస్టిన్’ అనిరి.

అది ఆటవస్తువు కాదు. పెద్ద కారులో ఉండు భాగములన్నియు తగు ప్రమాణములో దానియందు కలవు. 1939 వరకు రమారమి రెండు లక్షల తొంబది వేల బండ్లు తయారయ్యెను. జర్మనీ, ఫ్రాన్సు, అమెరికా దేశములవారును అనుమతి పొంది దానిని నిర్మించిరి. నేడు పెద్ద కార్లకు పేరుపొందిన జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. కంపెనీ, కార్ల నిర్మాణములో తొలి యడుగు వేసినది ఈ చిన్న బండి నమూనాతోనే. పదునెనిమిదేండ్ల బాలుడు గీచిన గీతలు ఎంత దూరము పోయినవో చూడుడు!

ఇటలీలో ఇట్టి కార్యమునే డాంటే జకోసా అను ఇంజనీరు సాధించెను. 1936లో ఫియట్ కంపెనీ అతని రూపకల్పనతో ఒక బుల్లి కారును వెలువరించెను. జనులు దానికి ‘టోపోలినో’ అని పేరిడిరి. టోపోలినో అనగా చిట్టెలుక. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇటలీలో సామాన్యులు స్కూటర్లతో కాలము వెళ్ళబుచ్చుచుండగా, జకోసా మరింత చౌకయైన బండిని ఆలోచించెను. 1957 జూలైలో అది ‘ఫియట్ 500’ అను పేర వీధులకు వచ్చెను. దాని పొడవు మూడు మీటర్లకు లోపు. ఇంజను వెనుకభాగమున ఉండును. దానికి రెండే సిలిండర్లు. మొదటి బండ్ల శక్తి పదుమూడు అశ్వములు మాత్రమే. గాలియే ఇంజనును చల్లబరచును గనుక నీరు పోయు పని లేదు. పైకప్పు గుడ్డతో చేయబడినది; ఎండ లేనపుడు చాపవలె చుట్టి వెనుకకు త్రోయవచ్చును. 1959లో ఈ రూపకల్పనకు ఇటలీ దేశపు ప్రఖ్యాతమైన ‘స్వర్ణ వృత్తలేఖిని’ బహుమానము లభించెను. 1975లో నిర్మాణము నిలిచిపోవునప్పటికి ముప్పదియైదు లక్షలకు మించిన బండ్లు తయారై యుండెను.

మరియొక చిన్న బండికి కారణము పెట్రోలు కరవు. 1956లో సూయజ్ కాలువ విషయమై యుద్ధము రాగా, ఇంగ్లండులో పెట్రోలును కొలత ప్రకారము పంచవలసివచ్చెను. అపుడు అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరు పది అడుగుల పొడవు మాత్రమే కలిగి, నలుగురు పెద్దవారు కూర్చొనదగిన బండిని రచించెను. 1959లో వచ్చిన ఆ బండి పేరు ‘మిని’. ఇంజనును నిలువుగా కాక అడ్డముగా అమర్చి, ముందు చక్రములను త్రిప్పించుట అతని యుపాయము. దానిచే బండి నేలలో అయిదింట నాలుగు వంతులు మనుషులకును సామానునకును దక్కెను. మారుతి 800 మొదలుగా నేడు మనము చూచు చిన్న కార్లలో పెక్కు ఈ పద్ధతినే అనుసరించినవి. పెద్ద వస్తువును చేయుటకు ధనము చాలును; చిన్న వస్తువులో అన్నియు ఇముడ్చుటకు బుద్ధి కావలెను.

ఈ బుద్ధినైపుణ్యమునకు జరుగు ఉత్సవమును చూడగోరినచో గార్లెండాకు పోవలెను. ఇటలీ వాయవ్యమున లిగూరియా అను ప్రాంతము కలదు. అందు సముద్రమునకు కొంచెము లోపలగా, ఓలివు తోటల నడుమ గార్లెండా అను చిన్న గ్రామము ఉన్నది. 1984లో ఫియట్ 500 అభిమానులు కొందరు అచట ఒక సంఘమును స్థాపించిరి. నేడు దాని సభ్యులు ఇరువది వేలకు మించినారు. బండి పుట్టిన జూలై మాసముననే ఏటేట అచట మేళా జరుగును. ఇటలీ నలుమూలల నుండియే కాక ఇతర దేశముల నుండియు బండ్లు వచ్చును. ఆల్ప్స్ కొండలను దాటి, పదుమూడు పదునెనిమిది అశ్వముల శక్తితో రెండు మూడు దినములు ప్రయాణము చేసి వచ్చువారును ఉందురు. జకోసా పేరనే అచట ఒక ప్రదర్శనశాల కలదు.

యాత్రకు ముందు గావించు సన్నాహము చూడదగినది. ప్రతివాడును తన బండి వెనుకమూత నెత్తి నూనె మట్టము చూచును. ఫ్యాను బెల్టు బిగువును వ్రేలితో నొక్కి పరీక్షించును. టైర్లలో గాలి కొలుచును. బ్రేకు త్రొక్కి చూచును. ఇంజనును కదలించుటకు నేటి కార్లలోవలె మీట నొక్కుట చాలదు. రెండు సీట్ల నడుమ నేలపై నున్న చిన్న చేతిపిడిని పైకి లాగవలెను. అపుడది రెండు మూడు మారులు దగ్గి, కుట్టుమిషనువలె టకటకలాడుచు మేలుకొనును.

నడుపుటయందును నేర్పు కావలెను. ఈ బండిలో గేర్ల పండ్ల వేగమును సరిచేయు సాధనము లేదు. పెద్ద గేరు నుండి చిన్న గేరునకు దిగునపుడు ఒకమారు క్లచ్చి త్రొక్కి గేరును విడిపింపవలెను; కాలు తీసి ఇంజను వేగమును కొంచెము పెంచవలెను; మరల క్లచ్చి త్రొక్కి చిన్న గేరును వేయవలెను. తొందరపడినచో లోపలి పండ్లు కరకరలాడి నడుపువాని తప్పును నలుగురికిని చాటును. చెవియు, చేయియు, కాలును ఒక్కటిగా పనిచేసినపుడే బండి మాట వినును. అందుచే ఈ యాత్రలో నిద్రమత్తుతో నడుపువాడు ఉండడు.

బండ్ల బారు గ్రామము దాటి కొండదారిని పట్టును. ఒకవైపు ద్రాక్షతోటలు, రాతిగోడల నడుమ మెట్లుమెట్లుగా నున్న ఓలివు చెట్లు. మలుపు తిరిగినంతనే దూరమున నీలిసముద్రము. గుడ్డకప్పు చుట్టివేసినందున పిల్లలు సీట్లపై నిలిచి దారిప్రక్కవారికి చేతులూపుదురు. ఎక్కుడు దారిలో ఇంజను వేడెక్కకుండ కొందరు వెనుకమూతను కొంచెము తెరచి ఆనించియుంతురు. మధ్యలో ఏ బండి యైనను ఆగినచో వెనుకనున్నవారు హారను మ్రోగింపరు, దిగివత్తురు. అందరి యింజనులును ఒక్కటే గనుక అందరికిని దాని రోగము తెలియును. ఒకడు బెల్టు తెచ్చును, ఒకడు ప్లగ్గు తెచ్చును. వృద్ధుడైన మెకానిక్కు చేయు పనిని కుర్రవాండ్రు చుట్టునుంచి చూతురు. ఆ కొంతసేపు ఆ రోడ్డుప్రక్క బడియగును. నిర్మాణము నిలిచి అర్ధశతాబ్ది దాటిన బండి నేటికిని నడచుచున్నదన్నచో, కారణము ఈ బడియే.

మన దేశమున కూడ చిన్న బండ్లకు చరిత్ర కలదు. బసంత్‌నగరు సిమెంటు కర్మాగారమును నెలకొల్పిన బిర్లా వంశమువారే 1942లో హిందుస్థాన్ మోటార్స్ కంపెనీని స్థాపించిరి. ఆ కంపెనీ స్వాతంత్ర్యానంతరము వంగదేశములోని ఉత్తర్‌పాడాలో కార్ఖానా నడిపి, అంబాసిడరునకు ముందే ‘బేబీ హిందుస్థాన్’ అను చిన్న కారును నిర్మించెను. బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ కంపెనీ ఫియట్ కార్లను తయారుచేసెను. అందు ఒకటి తరువాత ‘పద్మిని’ యని పేరు మార్చుకొని, బొంబాయి నగరమున నలుపు పసుపు టాక్సీయై ప్రసిద్ధికెక్కెను. 2003లో నమోదైన చివరి పద్మిని టాక్సీకి ఇరువది యేండ్ల గడువు తీరుటచే, 2023 అక్టోబరుతో ఆ టాక్సీలు వీధుల నుండి సెలవు తీసికొన్నవి.

ఆ కాలమున కారు కొనుట సులభము కాదు. ధనమున్నను పేరు నమోదు చేసికొని సంవత్సరముల తరబడి వేచియుండవలెను. ఆ స్థితిని మార్చినది మారుతి. 1983 డిసెంబరు 14వ తేదీన నాటి ప్రధానమంత్రి ఇందిరాగాంధి మొదటి మారుతి 800 తాళపుచెవులను ఢిల్లీకి చెందిన ఒక ఉద్యోగికి స్వయముగా అందించెను. లాటరీలో అతని పేరు వచ్చియుండెను. నాటి వెల యాబది వేల రూపాయలకు లోపు. ఇంజను మూడు సిలిండర్లది. 2014 జనవరిలో నిర్మాణము నిలిచిపోవువరకు ఇరువదియైదు లక్షలకు మించిన బండ్లు మన దేశమున అమ్ముడుపోయినవి. పెండ్లిండ్లకు, ఆసుపత్రులకు, తీర్థయాత్రలకు, పిల్లల పరీక్షలకు ఎన్ని కుటుంబములను ఆ బండ్లు మోసినవో లెక్కింప నెవరి తరము!

ఆ మొదటి కారు గతి యేమైనది? దానిని పొందినవాడు జీవితాంతము దానిని విడువలేదు. 2010లో అతడు మరణించిన పిదప అది ఇంటి ముందు వీధిలో ఎండకును వానకును త్రుప్పుపట్టిపోయెను. ఆ దుస్థితిని చూచినవారు వాపోయిరి. వార్తాపత్రికలు చిత్రములు ప్రకటించిరి. తుదకు దానిని బాగుచేసి, మొదటి రూపమునకు తెచ్చి, కంపెనీ ప్రధాన కార్యాలయమున ప్రదర్శనకు ఉంచిరి. ప్రధానమంత్రి చేతిమీదుగా వచ్చిన బండికే ఆ గతి పట్టినపుడు, పేరులేని తక్కిన బండ్ల మాట చెప్పనేల?

రాజుల బండ్లకు ఈ భయము లేదు. నిజాము కొరకు చేయించిన 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున భద్రముగా నున్నది. లోపల సింహాసనము వంటి పీఠముగల ఆ బండి తిరిగిన దూరము బహు స్వల్పము. అది కాపాడదగినదే. కాని దానిని చూచినవానికి నిజాము వైభవము తెలియును గాని ప్రజల బ్రతుకు తెలియదు. ప్రజల బ్రతుకును చెప్పునది లక్షల మైళ్ళు తిరిగి అరిగిన చిన్న బండి. అట్టి బండ్లను తరచుగా ఇనుపసామాను వర్తకునకు తూచి యిత్తురు.

ఇందు చట్టము సంగతియు తెలిసికొనదగును. మన దేశమున సొంత కారు నమోదు సాధారణముగా పదునైదేండ్లకు ముగియును. పిదప బండిని తనిఖీ చేయించి అయిదేండ్ల కొకమారు పొడిగించుకొనవలెను. యాబది యేండ్లు దాటి మొదటి రూపము చెడని బండ్లను ‘వింటేజి’ బండ్లుగా నమోదు చేసికొనుటకు 2021లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. అట్టి బండ్లను ప్రదర్శనలకును యాత్రలకును నడపవచ్చును గాని నిత్యము వాడరాదు. ఈ గౌరవము మొదటి సంవత్సరపు మారుతి బండ్లకు 2033లో గాని రాదు. పదునైదవ యేటికిని యాబదవ యేటికిని నడుమ ముప్పదియైదు సంవత్సరముల అగాధము కలదు. ఆ కాలమున బండి పాతదియే గాని ప్రాచీనము కాదు. దానికి వెలయు లేదు, విలువయు లేదు. ఆ అగాధమును దాటించువారు అభిమానులే. 1964 నుండి ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రికవారు జరుపు పాత కార్ల యాత్ర వంటివి వారికి ప్రోత్సాహము నొసగుచున్నవి. మహారాజుల పెద్ద బండ్ల ప్రక్కన బేబీ ఆస్టిన్ వంటి బుల్లి బండ్లును అందు తలయెత్తుకొని నడచును.

పాత బండ్లు పొగ విడుచును గదా, వానిని కాపాడుట తగునా యని కొందరందురు. ఈ శంక సహేతుకమైనదే. పాత ఇంజనులు గాలిని ఎక్కువ పాడుచేయును. ప్రమాదము జరిగినపుడు లోపలివారిని కాపాడు సాధనములును వానిలో తక్కువ. పొగ నియమములు కఠినము కాగా 2010 ఏప్రిలు నుండి హైదరాబాదుతో సహా పదమూడు నగరములలో మారుతి 800 అమ్మకమే నిలిచిపోయెను. కావున పాత బండ్లనన్నిటిని రోడ్లపై త్రిప్పవలెనని ఎవరును అనరు. వేయింటిలో ఒకటి చక్కగా నిలిచి, ఏడాదికి కొన్ని దినములు నడచిన చాలును. తక్కినవాని ఇనుము కరగి క్రొత్త వస్తువగుటయే మేలు. ఏది కరగింపవలెనో, ఏది నిలుపవలెనో తెలియుటయే వివేకము.

ఇట్టి చిన్న బండ్ల యాత్రకు బసంత్‌నగరు పరిసరములు ఎంతయు అనుకూలమైనవి. పెద్దపల్లి మీదుగా మంథని త్రోవ పట్టినచో ప్రాచీన దుర్గముతో కూడిన రామగిరి కొండలు కానవచ్చును. వేదవిద్యకు పేరొందిన మంథనిని దాటి, అడవుల నడుమ సాగి కాళేశ్వరము చేరినచో, గోదావరిలో ప్రాణహిత కలియు సంగమమును, ఒకే పానవట్టముపై రెండు లింగములుగల ముక్తేశ్వరాలయమును చూడవచ్చును. గార్లెండా వారి కొండలకు ఈ దారి ఏమాత్రము తీసిపోదు. పెద్ద యంత్రముల నడుమ బ్రతుకు ఈ ప్రాంతపు జనులకు యంత్రముల మర్మము క్రొత్తది కాదు. పాత ఇంజను శబ్దము విని దాని జబ్బు చెప్పగల మెకానిక్కులు మన పట్టణముల షెడ్డులలో ఇప్పటికిని కలరు. వారి విద్య పుస్తకములలో లేదు. వారి చేతులలో ఉన్నది. బండి పోయినచో దానితోపాటు ఆ విద్యయు పోవును.

కావున చిన్న బండ్ల పండుగ కేవలము వినోదము కాదు. ధనికులు కానివారికి దారి తెరచిన బుద్ధిమంతులకు అది కృతజ్ఞత. చేతిపని నేర్చినవారికి గౌరవము. రాజుల చరిత్రను నిలుపుటకు కోటలున్నవి, శాసనములున్నవి. సామాన్యుల చరిత్రను సామాన్యులే నిలుపుకొనవలెను. 2033వ సంవత్సరము వచ్చునాటికి, ఆ తొలినాటి మారుతి బండ్లలో ఎన్ని నడచుచుండునో, వానిని బాగుచేయ నేర్చిన చేతులు ఎన్ని మిగిలియుండునో, నేటి బాలబాలికల ఆసక్తిపైననే ఆధారపడియున్నది.

ప్రశ్నలు

1. లండను-బ్రైటన్ యాత్ర ఎట్లు ప్రారంభమైనది?
2. ఆస్టిన్ సెవెన్ నిర్మాణములో హెర్బర్ట్ ఆస్టిన్ ఎదుర్కొన్న చిక్కులెవ్వి? వానిని అతడెట్లు దాటెను?
3. గార్లెండా యాత్రలో బండి ఆగినపుడు ఏమి జరుగును? దానిని ‘బడి’ యనుటలో భావమేమి?
4. “పదునైదవ యేటికిని యాబదవ యేటికిని నడుమ అగాధము కలదు.” ఈ వాక్యమును వివరింపుము.
5. పాత బండ్లను కాపాడవలెనా, కరగింపవలెనా? పాఠము ఆధారముగ నీ యభిప్రాయమును వ్రాయుము.